ఎంత దూరం ఎదురెళ్ళాలి?

2025 డిసెంబర్ 5, ఉదయం. ఒడిశాలోని బరంపురంలో మా అన్నయ్య ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ ముంగిట్లోకి రష్యా అధ్యక్షుడు పుతిన్ కారు వచ్చింది. వెంట గుర్రపు దళం. కాసేపటికి ఫిరంగుల మోత మొదలైంది. తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు ఇడ్లీ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని అడిగింది: "అత్తా, నిన్న సాయంత్రమే ప్రధానమంత్రి విమానం దగ్గరికి వెళ్ళి, కౌగిలించుకుని, ఒకే కార్లో తీసుకొచ్చారు కదా. వచ్చేసిన మనిషికి ఇవాళ మళ్ళీ స్వాగతం ఏమిటి?"

నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి మా అమ్మ అంది: "ఎదురు సన్నాహం వేరు, కాళ్ళు కడగడం వేరు తల్లీ."

ఆ ఒక్క మాటతో సగం చిక్కు విడిపోయింది. మిగతా సగం విప్పి చెబుదామనే ఇది రాస్తున్నాను. వార్తల్లో మనం రోజూ వింటాం: స్టేట్ విజిట్ అంటారు, గార్డ్ ఆఫ్ ఆనర్ అంటారు, 21 తుపాకుల వందనం అంటారు, ప్రోటోకాల్ పక్కన పెట్టి స్వయంగా వెళ్ళారు అంటారు. ఒక్కో మాటకూ ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే టీవీలో ఐదు నిమిషాల దృశ్యం చూసి, వచ్చినాయన ఎవరో, ఆయన దేశాన్ని మనం ఏ మాత్రం దగ్గరగా చూస్తున్నామో చెప్పేయవచ్చు.

మా అమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి. ఆవిడ పెళ్ళికి మగపెళ్ళివారు బరంపురం నుంచి బయల్దేరి, నౌపడలో దిగి, గుణుపూర్ వెళ్ళే చిన్న రైలు ఎక్కి వచ్చారట. స్టేషన్‌కి మేళం వచ్చింది, బెల్లం పానకం బిందెలు వచ్చాయి, పన్నీరు బుడ్డి వచ్చింది. కానీ పెళ్ళికూతురి తండ్రి రాలేదు, మేనమామ వచ్చాడు. విడిది దగ్గర వియ్యంకుడి కాళ్ళు కడగడానికి తాతయ్య చెంబు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు కాబట్టి అందులో తప్పేమీ లేదని ఆడపెళ్ళివారి లెక్క. మా నాన్నగారి పెదనాన్న ఆ లెక్కకు ఒప్పుకోలేదు. "తండ్రి వస్తే గానీ కదలను" అని ప్లాట్‌ఫామ్ మీద రేకు పెట్టె మీదే కూర్చుండిపోయారు. తాతయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి దండం పెడితే అప్పుడు లేచారు. యాభై ఏళ్ళు దాటినా మా ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా "స్టేషన్‌కి ఎవరు వెళ్తున్నారు?" అన్న ప్రశ్న ముందు వస్తుంది.

దేశాల మధ్య కూడా మొదటి ప్రశ్న అదే. అతిథి కోసం ఎవరు, ఎంత దూరం ఎదురెళ్ళాలి?

భారతదేశంలో ఇప్పటి పద్ధతి ప్రకారం విదేశీ నేత విమానం దిగేటప్పుడు సాధారణంగా ఒక కేంద్ర మంత్రి, చాలాసార్లు సహాయ మంత్రి, వెళ్ళి తీసుకొస్తారు. ఆ పర్యటనకు ప్రత్యేకంగా ఆ మంత్రిని కేటాయిస్తారు. విదేశాంగ శాఖలో చీఫ్ ఆఫ్ ప్రోటోకాల్ అనే అధికారి ఉంటారు, ఏర్పాట్లన్నీ ఆయన చేతి మీదుగా సాగుతాయి. విమానం తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఎర్ర తివాచీ ఎక్కడ మొదలవ్వాలి, పూలగుత్తి ఎవరివ్వాలి, ఎవరి పక్కన ఎవరు నిలబడాలి, అన్నీ ముందే తేల్చుకుంటారు. రెండు దేశాల అధికారులూ ముందుగా వచ్చి అడుగులు కొలుచుకుని మరీ చూసుకుంటారు. అసలు అధికారిక స్వాగతం మరుసటి రోజు ఉదయం రాష్ట్రపతి భవన్ ముంగిట్లో జరుగుతుంది కాబట్టి, విమానాశ్రయానికి ప్రధాని వెళ్ళనవసరం లేదు. వెళ్ళకపోతే అవమానం కానే కాదు.

అందుకే ప్రధాని వెళ్తే అది వార్త అవుతుంది. 2015 జనవరిలో ఒబామా కోసం వెళ్ళారు. 2017లో బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా కోసం, అదే ఏడాది అహ్మదాబాద్‌లో జపాన్ ప్రధాని షింజో అబే కోసం వెళ్ళారు. 2020 ఫిబ్రవరిలో ట్రంప్ కోసం, 2025 ఫిబ్రవరిలో ఖతార్ అమీర్ కోసం, డిసెంబర్‌లో పుతిన్ కోసం వెళ్ళారు. ఈ వరుసలో పెద్ద దేశం, చిన్న దేశం అన్న తేడా కనిపించదు. అవసరం, స్నేహం, ఆ సమయానికి చెప్పదలచుకున్న మాట, వీటిని బట్టి ఎదురెళ్ళే దూరం పెరుగుతుంది. అంటే విమానాశ్రయం దగ్గర జరిగేది మనసుకు సంబంధించినది. పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ముంగిట్లో జరిగేది అలా కాదు, అది పీఠానికి సంబంధించినది. స్నేహం ఎక్కువైందని ఒక ఫిరంగి ఎక్కువ పేల్చరు, కోపం వచ్చిందని ఒకటి తగ్గించరు.

ఆ ముంగిట్లో ఏం జరుగుతుందో కొంచెం నిదానంగా చూద్దాం. అతిథి కారును గుర్రాల మీద వెంట నడిపించేది రాష్ట్రపతి అంగరక్షక దళం. 1773లో వారన్ హేస్టింగ్స్ బెనారస్‌లో ఏర్పాటు చేసిన దళం ఇది. అప్పుడు యాభై మందితో మొదలైంది. గవర్నర్ జనరళ్ళు పోయారు, వైస్రాయ్‌లు పోయారు, దళం ఉండిపోయింది. మిగతా గుర్రాలన్నీ ఎర్రగోధుమ రంగువైతే బాకా ఊదే సైనికుడి గుర్రం మాత్రం తెల్లగా ఉంటుంది, ఈసారి చూసినప్పుడు గమనించండి. కారు ఆగాక రాష్ట్రపతి, ప్రధాని ఎదురొచ్చి చేయి కలుపుతారు. అతిథి వేదిక ఎక్కుతారు. రెండు దేశాల జాతీయ గీతాలు వాయిస్తారు. త్రివిధ దళాల సైనికులు కలిసి గార్డ్ ఆఫ్ ఆనర్ ఇస్తారు, అతిథి వాళ్ళ వరుస ముందుగా నడుచుకుంటూ వెళ్ళి చూస్తారు. 2015 జనవరి 25న ఒబామాకు ఆ గౌరవ వందనాన్ని నడిపించింది వింగ్ కమాండర్ పూజా ఠాకూర్. త్రివిధ దళాల గౌరవ వందనానికి ఒక మహిళ నాయకత్వం వహించడం అదే మొదటిసారి. ఆ తర్వాత రెండు పక్షాల మంత్రులను, అధికారులను పరిచయం చేసుకుంటారు. అక్కణ్ణుంచి అతిథి రాజ్‌ఘాట్ వెళ్ళి గాంధీ సమాధి మీద పుష్పగుచ్ఛం ఉంచుతారు. తర్వాత చర్చలు.

ఒకప్పుడు ఈ తంతు అంతా పాలం విమానాశ్రయంలోనే జరిగేది. రాష్ట్రపతే స్వయంగా విమానం దగ్గరికి వెళ్ళేవారు. అంటే ఎదురు సన్నాహం, కాళ్ళు కడగడం ఒక్కచోటే అయిపోయేవన్నమాట.

ఆ పాత పద్ధతిలో జరిగిన ఒక స్వాగతం గురించి బరంపురం వాళ్ళం తప్పక చెప్పుకోవాలి. మన వి.వి. గిరి 1894 ఆగస్టు 10న ఈ ఊళ్ళోనే పుట్టారు. అప్పుడు ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఇక్కడి ఖల్లికోట కాలేజీలో చదివి, డబ్లిన్ వెళ్ళి న్యాయశాస్త్రం చదువుకుని, కార్మిక ఉద్యమంలో పనిచేసి, 1969 ఆగస్టులో రాష్ట్రపతి అయ్యారు. 1972 జనవరి 10 ఉదయం ఆయన పాలంలో ఒక బ్రిటిష్ వైమానిక దళ విమానం కోసం ఎదురు చూస్తూ నిలబడ్డారు. పక్కన ప్రధాని ఇందిరా గాంధీ ఉన్నారు. ఆ విమానంలో వస్తున్నది షేక్ ముజిబుర్ రహమాన్. పాకిస్తాన్ జైలు నుంచి రెండు రోజుల కిందటే విడుదలై, లండన్ మీదుగా ఢాకా వెళ్తూ దారిలో ఢిల్లీలో దిగారు. 21 ఫిరంగులు మోగాయి. ముజిబ్ గౌరవ వందనం స్వీకరించారు. రెండు జాతీయ గీతాలూ వాయించారు. ఆ రెండూ రాసింది ఒకే కవి, రవీంద్రనాథ్ ఠాగూర్.

ఇందులో ప్రోటోకాల్ లెక్క చూడండి. ఆ ఉదయం ముజిబ్ బంగ్లాదేశ్ అధ్యక్షుడు, అంటే దేశాధినేత. కాబట్టి 21. ఢాకా చేరిన రెండు రోజులకు, జనవరి 12న, ఆయన అధ్యక్ష పదవి వదిలి ప్రధానిగా ప్రమాణం చేశారు. ప్రపంచంలో ఎక్కువ చోట్ల పాటించే ఆనవాయితీ ప్రకారం ప్రభుత్వాధినేతకు 19. అదే మనిషి, అవే త్యాగాలు, అదే జనాదరణ. రెండు రోజుల తేడాతో లెక్క మారిపోతుంది. ఫిరంగులు మోగేది మనిషి కోసం కాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

దేశాధినేత, ప్రభుత్వాధినేత అన్న ఈ తేడా దగ్గరే చాలామంది తికమక పడతారు. దేశాధినేత అంటే దేశానికి ప్రతిరూపంగా నిలిచే పదవి. మనకు రాష్ట్రపతి, బ్రిటన్‌కు రాజు, జపాన్‌కు చక్రవర్తి, జర్మనీకి అధ్యక్షుడు. ప్రభుత్వాధినేత అంటే పాలన నడిపే పదవి. మనకు ప్రధాని, బ్రిటన్‌కు, జపాన్‌కు కూడా ప్రధాని, జర్మనీకి ఛాన్సలర్. అమెరికాలో రెండూ ఒక్కరే. కాబట్టి జర్మనీలో అధికారమంతా ఛాన్సలర్ చేతిలో ఉన్నా, మర్యాదల పట్టికలో అధ్యక్షుడిదే ముందు స్థానం. దేశాధినేత వచ్చి మొత్తం లాంఛనాలతో చేసేదాన్ని స్టేట్ విజిట్ అంటారు. ఆ కింద అఫీషియల్ విజిట్, పని మాట్లాడుకుని వెళ్ళిపోయే వర్కింగ్ విజిట్, సొంత పని మీద వచ్చే ప్రైవేట్ విజిట్ ఉంటాయి. మెట్టు దిగే కొద్దీ లాంఛనాలు తగ్గుతాయి. మన ఇళ్ళల్లో పెళ్ళివారు, పండగకొచ్చిన అల్లుడు, దారినపోతూ తొంగిచూసిన చుట్టం ముగ్గురికీ ఒకే ఏర్పాటు ఉండదు కదా.

లెక్కకు అందని వాళ్ళూ ఉంటారు. 1973 నవంబర్‌లో సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్ ఢిల్లీ వచ్చారు. అప్పటికి ఆయన దేశాధినేత కాదు, ఆ స్థానంలో పోద్గోర్నీ ఉన్నారు. ప్రధాని కాదు, ఆ స్థానంలో కొసీగిన్ ఉన్నారు. ఆయన కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి మాత్రమే. కానీ అసలు అధికారం ఎవరిదో అందరికీ తెలుసు. ఢిల్లీ ఆయనకు ఘనంగా స్వాగతం పలికింది. పట్టికలో పేరు లేకపోయినా పెద్దరికం ఎవరిదో గ్రహించడం కూడా ప్రోటోకాల్ పనిలో భాగమే.

ఇక ఫిరంగులు. మన పత్రికలు 21 తుపాకుల వందనం అని రాస్తాయి గానీ పేలేవి ఫిరంగులు. పైగా 21 ఫిరంగులూ ఉండవు, కొన్ని ఫిరంగులే వంతులవారీగా పేలుతూ 21 మోతలు పూర్తి చేస్తాయి. గణతంత్ర దినోత్సవం నాడు జాతీయ గీతం పాడే 52 సెకన్లలోనే 21 మోతలూ అయిపోవాలి, కాబట్టి గడియారం పట్టుకుని సాధన చేస్తారు. 2023 గణతంత్ర దినోత్సవం నుంచి బ్రిటిష్ కాలం నాటి 25 పౌండర్ల బదులు మన దేశంలో తయారైన 105 మిల్లీమీటర్ల ఫిరంగులు వాడుతున్నారు.

ఈ ఆనవాయితీ సముద్రం మీద పుట్టింది. ఓడ ఒక పరాయి రేవును సమీపించేటప్పుడు ఫిరంగులన్నీ గాలిలోకి పేల్చి ఖాళీ చేసేది. అప్పటి ఫిరంగిని మళ్ళీ కూరడానికి చాలాసేపు పట్టేది. కాబట్టి "నా చేతిలో ఆయుధం లేదు, స్నేహంగా వస్తున్నాను" అని చెప్పడం అది. ఓడ ఏడు పేలిస్తే, ఒడ్డున మందుగుండుకు కొరత ఉండదు కాబట్టి కోట ఒక్కోదానికి మూడు చొప్పున జవాబిచ్చేదని, ఏడు మూళ్ళ 21 అలా వచ్చిందని చెబుతారు.

న్యూజిలాండ్‌లో మావోరీలు ఇదే మాటను ఇంకో రకంగా చెబుతారు. ఆయుధం తిప్పుతూ ఒక యోధుడు అతిథి ఎదుటికి వచ్చి నేల మీద ఒక ఆకో, చిన్న కర్రో ఉంచుతాడు. అతిథి చూపు తిప్పకుండా దాన్ని వంగి తీసుకుంటే శాంతి కోరి వచ్చినట్టు. రష్యా వైపు రొట్టె, ఉప్పు పెడతారు. మనం నీళ్ళు నిండిన కుంభం పట్టుకుని నిలబడతాం. రూపం మారినా అన్ని చోట్లా గడప దగ్గర అడిగేది ఒకటే: మంచి కోరి వచ్చావా?

బ్రిటిష్ వాళ్ళు ఈ ఫిరంగుల మోతను రాజులను ఎక్కువ తక్కువలు చేసే కొలబద్దగా మార్చేశారు. చక్రవర్తికి 101, వైస్రాయ్‌కి 31. సంస్థానాధీశుల్లో హైదరాబాద్, మైసూరు, బరోడా, గ్వాలియర్, జమ్మూ కాశ్మీర్ ఐదుగురికే 21. అక్కణ్ణుంచి రెండు రెండు తగ్గుతూ తొమ్మిది దాకా దిగేది. మా రాయగడ పక్కనున్న కలహండి రాజుకు తొమ్మిది. పర్లాకిమిడి, జయపురం విస్తీర్ణంలో ఎంత పెద్దవైనా సంస్థానాలు కావు, మద్రాసు ప్రెసిడెన్సీలోని జమీందారీలు. కాబట్టి ఆ సంస్థానాల వరుసలో వాటికి చోటే లేదు. పర్లాకిమిడి కృష్ణచంద్ర గజపతి లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఒడియా వాళ్ళకు ప్రత్యేక రాష్ట్రం కావాలని వాదించి, 1936లో ఆ రాష్ట్రం ఏర్పడటానికి కారకుల్లో ఒకరైన మనిషి. 1937లో ఒడిశాకు మొదటి ప్రధానమంత్రి (అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు) కూడా అయ్యారు. సరిహద్దు ఆయన ఊరి పక్క నుంచే గీశారు, అందుకే మేమిలా ఒడిశాలో తెలుగువాళ్ళమయ్యాం. ఫిరంగుల లెక్కతో మనిషి విలువ కొలిస్తే ఇలాంటి వాళ్ళు ఎక్కడా కనబడరు.

దర్బారుల్లో అడుగులకు కూడా లెక్క ఉండేది. ఏ రాజు వస్తే వైస్రాయ్ కుర్చీలోంచి లేవాలి, తివాచీ మీద ఎంత దూరం ముందుకు రావాలి, అత్తరు తాంబూలం ఎవరి చేత ఇప్పించాలి, అన్నీ రాసి ఉండేవి. 1911 ఢిల్లీ దర్బారులో బరోడా గైక్వాడ్ సయాజీరావు చక్రవర్తికి ఒకసారి వంగి, సరిగ్గా వెనక్కి నడవకుండా వీపు తిప్పి వెళ్ళారని పెద్ద గొడవైంది. 21 ఫిరంగుల రాజు వేసిన నాలుగు అడుగుల్లో వాళ్ళకు రాజద్రోహం కనిపించింది.

1950 జనవరి 26న రాజేంద్ర ప్రసాద్ ప్రమాణ స్వీకారానికి 31 ఫిరంగులు పేలాయి, వైస్రాయ్ లెక్కే ఇంకా నడుస్తోంది. తర్వాత మనం కూడా లోకమంతా పాటించే 21కి వచ్చాం. నాకిది చాలా నచ్చే మార్పు. పెద్ద దేశానికైనా, లక్ష మంది ఉన్న ద్వీపానికైనా అదే 21. ఎవరి ముంగిట్లో వాళ్ళు ఎవరికీ తక్కువ కారు. చర్చలు జరిగే హైదరాబాద్ హౌస్ ఒకప్పుడు 21 ఫిరంగుల నిజాం ఢిల్లీలో కట్టించుకున్న భవనం. ఇప్పుడు దాని మెట్ల మీద ఏ దేశపు నేత అయినా మన ప్రధానితో సమానంగా నిలబడి ఫోటో తీయించుకుంటారు.

ఇంత పట్టింపు ఎందుకని విసుక్కునే వాళ్ళకు 1661 సెప్టెంబర్ 30న లండన్‌లో జరిగింది చెప్పాలి. స్వీడన్ కొత్త రాయబారి ఓడ దిగాడు. ఆయన ఊరేగింపులో రాజుగారి బండి వెనకే తమ బండి ఉండాలని ఫ్రెంచ్ రాయబారి మనుషులు, స్పెయిన్ రాయబారి మనుషులు వీధిలో కత్తులు దూసుకున్నారు. మనుషులు చచ్చారు, గుర్రాలు చచ్చాయి. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ యుద్ధానికి దిగుతానంటే స్పెయిన్ తగ్గింది. బండ్ల వరుస కోసం రెండు రాజ్యాలు యుద్ధం దాకా వెళ్ళాయి. 1815లో వియన్నాలో కూర్చుని ఒక సులువైన మార్గం కనుక్కున్నారు: రాయబారుల్లో ఎవరు ముందు వచ్చి పదవిలో చేరితే వాళ్ళు ముందు. రాజు గొప్పదనం, దేశం బలం లెక్కలోకి రావు. 1961 వియన్నా ఒప్పందంలో కూడా అదే నిలిచింది.

మన జెండా నియమావళి కూడా అంతే. వేరే దేశాల జెండాలతో వరుసగా నిలబెట్టినప్పుడు మన జెండా అన్నిటికంటే కుడి చివర ఉండాలి, అంటే ఎదుట కూర్చుని చూసే వాళ్ళకు ఎడమ చివర. మిగతావి ఇంగ్లీషు పేర్ల అక్షర క్రమంలో ఉంటాయి. ప్రభుత్వ కారులో విదేశీ నేత వెళ్తుంటే మన జెండా కారుకు కుడి వైపు, వాళ్ళ జెండా ఎడమ వైపు. కుర్చీల సంగతి ఇంకా సున్నితం. 2021 ఏప్రిల్‌లో అంకారాలో తుర్కియే అధ్యక్షుడి పక్కన ఐరోపా మండలి అధ్యక్షుడు కూర్చున్నారు. ఐరోపా సమాఖ్యకే చెందిన మరో పెద్ద, ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయెన్‌కు కుర్చీ లేక, నిలబడి చూసి, దూరంగా సోఫాలో కూర్చోవలసి వచ్చింది. ఆ ఒక్క కుర్చీ గురించి ఐరోపా అంతా వారాల తరబడి మాట్లాడుకుంది. రేకు పెట్టె మీద కూర్చున్న మా పెద్దతాతయ్యను నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు.

మర్యాదంటే ఏమిటో నాకు పుస్తకాల కంటే ముందు నేర్పింది బరంపురం ఠాకురాణి యాత్ర. రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది. బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి వదిలి పుట్టింటికి వస్తుందని నమ్మకం. పుట్టిల్లు అంటే దేశిబెహెరా ఇల్లు. ఆయన డేరా అనే నేతగాళ్ళ కులానికి పెద్ద. బరంపురం పట్టు నేసే ఈ కుటుంబాల పూర్వీకులు తెలుగు నేల నుంచి వచ్చిన వాళ్ళని చెబుతారు. దేశిబెహెరా భార్యతో, కులం వాళ్ళతో మేళతాళాలతో గుడికి వెళ్ళి, ఆడపిల్లను పిలిచినట్టు అమ్మవారిని పిలుస్తాడు. దేశిబెహెరా వీధిలో వేసిన తాత్కాలిక మండపమే ఆమెకు విడిది. అక్కడున్నన్నాళ్ళూ రోజూ ఘటాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు ఊరి వీధులన్నీ తిరుగుతారు.

మా వీధిలోకి ఘటం వచ్చే రాత్రి మా అమ్మ గడప ముందు నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టి, ఇత్తడి బిందెలో పసుపు నీళ్ళు కలిపి ఉంచుతుంది. దూరంగా డప్పు వినపడగానే వీధంతా లేచి నిలబడుతుంది. పక్కింటి ఒడియా వదిన నాలుక ఆడిస్తూ హుళహుళి పెడుతుంది. ఘటం మోసే ఆవిడ గడప ముందు ఆగుతుంది. అమ్మ వంగి ఆవిడ పాదాల మీద నీళ్ళు పోస్తుంది. ఆ ఆడమనిషి పగలు మాకు తెలిసిన మనిషే, మార్కెట్ దారిలో కనపడితే పలకరించుకుంటాం. ఆ రాత్రి మాత్రం అమ్మ ఆవిడ ముఖం చూడదు, పాదాలే చూస్తుంది. దేశిబెహెరా కూడా అంతే, మామూలు రోజుల్లో మామూలు మనిషి. ఆ నెల మాత్రం ఊరికంతటికీ ఆతిథ్యం ఇచ్చే తండ్రి. ముజిబ్‌కు రెండు రోజుల్లో మారిపోయిన లెక్క నాకు అర్థమైంది ఈ గడప దగ్గరే.

ఒడిశాకు కూడా దేశాధినేతలు వస్తున్నారు. 2025 జనవరిలో సింగపూర్ అధ్యక్షుడు థర్మన్ షణ్ముగరత్నం స్టేట్ విజిట్ మీద వచ్చారు. సింగపూర్‌లో పాలన ప్రధానిదే, ఆయనది దేశానికి ప్రతిరూపంగా ఉండే పదవి, కాబట్టి లాంఛనాలన్నీ ఆయనకే. ఢిల్లీ ముంగిట్లో ఆయనకు స్వాగతం చెప్పిన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము మయూర్‌భంజ్ ఆడపడుచు. తర్వాత ఆయన భువనేశ్వర్ వచ్చారు. అంతకుముందు 2023 సెప్టెంబర్‌లో జీ20 నేతలు ఢిల్లీ భారత్ మండపంలో ఒక్కొక్కరే వచ్చి ప్రధానితో చేయి కలిపినప్పుడు వెనకాల నిలబెట్టింది కోణార్క చక్రం నమూనానే. పదమూడో శతాబ్దంలో నరసింహదేవుడు కట్టించిన గుడికి ఇరవై నాలుగు చక్రాలు. అందులో ఒకదాని బొమ్మ ముందు లోకంలోని పెద్దలంతా వరుసగా నిలబడుతుంటే బరంపురం బస్టాండ్ టీ కొట్టులో జనం టీవీ చూస్తూ ఒకరికొకరు చూపించుకున్నారు.

ఒక్క విషయం మాత్రం చెప్పకుండా ఉండలేను. నేను ఏడో తరగతిలో ఉండగా ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడని మా బడి పిల్లలను పొద్దున్న తొమ్మిదికే రోడ్డు పక్క నిలబెట్టారు. చేతిలో కాగితం జెండా. మధ్యాహ్నం అయింది. చెమటకు జెండా రంగు కరిగి అరచేతులకు అంటుకుంది. మా వరుసలో ఒక పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. కార్లు వచ్చాయి, అద్దాలు దించకుండానే వెళ్ళిపోయాయి. అతిథికి చేసే మర్యాదలో ఇంటి పిల్లలు ఎండలో మాడిపోయే భాగం ఉండకూడదు. జనం తమంతట తాము వస్తే ఆ అందమే వేరు. 1955లో క్రుశ్చేవ్, బుల్గానిన్ కలకత్తా వచ్చినప్పుడు జనం ఎంతగా ముంచెత్తారంటే, వాళ్ళను కారులోంచి దించి పోలీసు వ్యానులో ఎక్కించి తీసుకెళ్ళవలసి వచ్చింది. ఏ ప్రోటోకాల్ పుస్తకమూ అలాంటి స్వాగతాన్ని ఏర్పాటు చేయలేదు.

వీడ్కోలు గురించి రాయడానికి ఎక్కువ లేదు. విందు అయిపోతుంది, కానుకలు ప్రభుత్వం వాటిని దాచే తోషాఖానాకు చేరతాయి, అతిథిని విమానం దాకా దిగబెట్టి వస్తారు. టీవీ వాళ్ళు కూడా ఆ సమయానికి ఇంకో వార్తకు వెళ్ళిపోతారు. ఆ సాయంత్రం మా మేనకోడలు అది కూడా అడిగింది: "వచ్చేటప్పుడు అంత చేసి, వెళ్ళేటప్పుడు ఇంతేనా?" ఈసారి మా అమ్మ దగ్గర కూడా జవాబు లేదు. ఠాకురాణి తిరిగి గుడికి వెళ్ళే రాత్రి దేశిబెహెరా వీధిలో ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టింది. వచ్చిన రోజు కన్నా ఎక్కువ జనం ఉంటారట. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వీధి చివరి దాకా ఘటం వెనకాలే నడుస్తారట.